దొర తుంటి ఎముక

వృత్తికి దర్జీయే అయినా కుక్కలు పెంచేవాళ్లంతా ఆయన్ని ఎక్స్‌రే మాస్టారు అనేవారు. గొర్రెలు కాసే బొచ్చుకుక్కల జాతంటే ఆయనకి ప్రాణం. మొట్టమొదట పెంచుకున్నది ఆరో ఏటికే తుంటి కీళ్లు పాడై, వెనక కాళ్లు ఈడ్చుకుంటూనే చనిపోయింది. తరతరాలుగా ఆ జాతిని పట్టుకున్న జబ్బది. దాన్ని వదిలించి తీరాలని మాస్టారు పంతం పట్టాడు.

ఎవరైనా ఆడకుక్కను జతకి తెస్తే, తుంటి ఎక్స్‌రే చూపించందే గేటు తీసేవాడు కాదు. "అల్లుణ్ణి వెతికినప్పుడు కూడా ఇన్ని ఆరాలు తీయలేదు మీరు" అని భార్య దెప్పేది. పందొమ్మిదేళ్లలో ఐదు తరాలు దాటాయి, ఒక్కటీ కుంటలేదు. ఐదో తరానికి మిగిలింది దొర అనే మగకుక్క ఒక్కడే. వాడి తల్లికి ఈనే వయసు దాటిపోయింది. వంశం నిలవాలంటే వాడే దిక్కు.

ఆ రోజు ఒక బస్సు డ్రైవరు తన కుక్కతో వచ్చాడు. మాస్టారు దాని ఎక్స్‌రేని కిటికీ వెలుగులో పెట్టి, ఖరీదైన గుడ్డని చూసినట్టు చూశాడు.

"బాగుంది."

"మరి మీ దొరదండీ?"

మాస్టారు ఎక్స్‌రేల కట్ట విప్పాడు. తల్లిది ఉంది, తండ్రిది ఉంది, తాతలవీ ఉన్నాయి, దొరదే తీయించలేదు. దొర నడక చూసి మురిసిపోయి, వీడికెందుకులే అనుకున్నాడు.

"కాకి పిల్ల కాకికి ముద్దు" అంది భార్య లోపల్నుంచి.

మధ్యాహ్నానికల్లా ముగ్గురూ దొరని తీసుకుని పశువుల డాక్టరు దగ్గరున్నారు. ఎడమ తుంటిలో కీలు సరిగ్గా కూర్చోలేదు. ఇంకో మూడేళ్లకి నడక చెడుతుందన్నాడు డాక్టరు.

"ఇంత అందగాడు, ఈ ఒక్కసారికి పోనివ్వండి మాస్టారూ. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు డ్రైవరు.

"నేను గేటు దగ్గర్నుంచి పంపేసినవాళ్లంతా ఇదే మాట అన్నారయ్యా."

ఆ వారంలోనే దొరకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాడు. వంశావళి పుస్తకంలో దొర పేరు కింద ముగింపు గీత గీసి, చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

కుట్లు విప్పిన రోజు భార్య గొలుసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇంక వీణ్ణేం చేద్దామండీ?"

అన్నేళ్లలో పెరట్లో ఎన్ని కుక్కలు పెరిగినా, గడప దాటి లోపలికొచ్చినది ఒక్కటీ లేదు. మాస్టారు కుట్టుమిషను పక్కన పాత దుప్పటి మడతపెట్టి పరిచాడు.

"కుక్కే కదా, పెంచుకుందాం."