మూడో పలక

మా మావయ్య వడ్రంగి. అందరూ ఆయన్ని 'రేపు' అనే పిలిచేవారు, ఏ పని అడిగినా ఆయన జవాబు అదే కాబట్టి. పనితనానికి వంక పెట్టలేం. మొదలుపెడితే కదా వంక పెట్టడానికి. నృత్య బృందం వాళ్ళ వేదిక మరమ్మతులు పాతికేళ్ళు ఆయన చేతిలోనే ఉన్నాయి, అంటే ఎవరి చేతిలోనూ లేవు. ఎడమ అంచు నుంచి మూడో పలక పుచ్చిపోయింది. "రేపు మార్చేస్తా" అన్నాడు. పదకొండేళ్ళు గడిచాయి.

అదే బృందంలో నాట్యం చేసే మా అత్తయ్య, ఓ ప్రదర్శనలో ఆ పలక దగ్గరికొచ్చి, కాలు దిగబడుతుందన్న భయంతో చటుక్కున గెంతి, అర చుట్టు తిరిగి అవతల దిగింది. జనం చప్పట్లు కొట్టారు. గురువుగారు మర్నాటి నుంచి అందరికీ అదే నేర్పించారు.

బృందం ఎప్పుడో మూతపడింది. ఈమధ్య నాట్య చరిత్ర మీద పరిశోధన చేస్తున్న ఒకావిడ రికార్డరు పట్టుకుని మావయ్య వాళ్ళింటికొచ్చింది. ఆ గెంతు మీదే నలభై పేజీలు రాసిందట. నేలను నొప్పించకూడదన్న గురువుగారి తత్త్వం అందులో ఉందట. వచ్చే వారం పుస్తకం అచ్చుకు వెళ్తుంది.

"గురువుగారు గొప్పవారే" అంది అత్తయ్య. ఆ గెంతు తనదని చెబితే ఎందుకు గెంతిందో కూడా చెప్పాలి, అప్పుడు మొగుడి పరువు అచ్చుకెక్కుతుంది.

మావయ్య తల గోక్కున్నాడు. ఇదీ రేపటికే అనుకున్నాను.

"రాసుకోమ్మా" అన్నాడు. "ఆ గెంతు మా ఆవిడది. పలక పుచ్చింది, నేను మార్చలేదు. తత్త్వం గిత్త్వం ఏం లేదు, నా బద్ధకం."

"నలభై పేజీలండీ" అంది ఆవిడ నీరసంగా.

"రామ్మా, చూపిస్తా."

పాత హాలు ఇప్పుడు విరిగిన కుర్చీల గోదాము. బృందం మూతపడిన వారానికి మావయ్య ఆ పలక మార్చాడు. నల్లబడ్డ పలకల మధ్య అదొక్కటే తెల్లగా కనబడుతోంది. ఆ గెంతు చూపించమని పరిశోధకురాలు అడిగితే, అరవై ఎనిమిదేళ్ళ అత్తయ్య చెప్పులు విడిచి వేదికెక్కింది. మూడో పలక దగ్గర గెంతి, అర చుట్టు తిరిగి, అవతల దిగింది.

పరిశోధకురాలు రాతప్రతి తీసి గురువుగారి పేరు కొట్టేసి, అత్తయ్య పేరు అడిగి రాసుకుంది. అత్తయ్య కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడది గట్టిదేనే, అడుగు వెయ్యొచ్చు" అన్నాడు మావయ్య.

"మీరు వేసిన పలకేగా" అంది అత్తయ్య. "రేపు వేస్తా లెండి."