బొమ్మ ఉంటేనే వార్త

పత్రికలో తన బొమ్మ పడిననాడు తవిటమ్మ దానిని కత్తిరించి, గంజితో గోడకు అంటించుకుంది. ఆమెకు చదువు రాదు. బొమ్మ కింద "వలస బతుకులు" అని ఉందనీ, ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదనీ ఊళ్లోవాళ్లు చెబితే, "పేరెందుకు, మొకం ఉన్నాది కాదా!" అని నవ్వేసింది.

తీసినవాడు పాతపట్నం విలేకరి జగన్నాధం. వానలు ముఖం చాటేసిన ఏడు, భర్త అసిరయ్యతో కలిసి చెన్నైలో ఇళ్ల కట్టుబడి పనికి బయలుదేరిన తవిటమ్మ నెత్తిన మూటతో బస్సు కోసం నిలబడి ఉండగా, అతడు ఫోను ఎత్తాడు. ఆమె నవ్వింది.

"నవ్వకు పిన్నీ. నవ్వితే వలసెల్తన్నట్టు ఉండదు. కాస్త ఏడుపుమొకం ఎట్టు."

ఆమె పెట్టింది. నిజానికి ఆ ఉదయం ఆమెకు ఏడుపు లేదు. మొదటిసారి రైలు ఎక్కబోతున్న సంబరంలో ఉంది. ఆనాడు బస్సు రాక ప్రయాణం రెండు రోజులు ఆగింది, ఈలోగా పత్రికలో బొమ్మ వచ్చింది. ముక్కుకు రెండువైపులా ముక్కెరలూ, ముంజేతి నిండా పచ్చబొట్లూ బొమ్మలో స్పష్టంగా పడ్డాయి. ఒడిశా ఆడపడుచైన తల్లి ముచ్చటపడి చేయించినవి. సరిహద్దు పల్లెల్లో ఆ తరం ఆడవాళ్లలో చాలామందికి ఉన్నవే.

చెన్నైలో అసిరయ్య పరంజా మీదనుంచి పడి చనిపోయాడు. అక్కడి పత్రికలో వచ్చిన నాలుగు ముక్కలు మేస్త్రీ చదివి చెప్పాడు: ఆంధ్రా కూలీ మృతి. అందులోనూ పేరు లేదు. ఆ రోజు ఆమె నవ్వలేదు.

తిరిగివచ్చి విస్తరాకుల వ్యాపారం పెట్టుకుంది. కొండవాళ్ల సంతలో అడ్డాకులు కొని, పుల్లలతో కుట్టి, ఎండబెట్టి, పెళ్లిళ్ల రోజుల్లో కట్టలు బస్సుకెక్కించుకుని గజపతినగరం వైపు పల్లెల్లో అమ్మేది. ఆ వ్యాపారానికి అసలు పెట్టుబడి ఆమె ముఖమే. ఎరిగిన మనిషని అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేవారు. ఎరగని మనిషినైతే వీధి మొదట్లోనే నిలబెట్టి అడుగుతారు.

ఒక వేసవిలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారు ఫోన్ల నిండా పాకింది. చుట్టుపట్ల ఏ పోలీసు స్టేషన్లోనూ పిల్లవాడు తప్పిపోయాడన్న ఫిర్యాదు లేదు. జగన్నాధం ఆ మాట విచారించి, తన వార్త చివరి వాక్యంగా రాశాడు కూడా. న్యాయంగా చెప్పాలంటే అతడు అబద్ధం రాయలేదు. కాని డెస్కులో కూర్చునే సబ్ ఎడిటర్ దీక్షిత్ నుంచి ఎప్పటి ప్రశ్నే వచ్చింది.

"బొమ్మేదయ్యా? బొమ్మ లేకపోతే వార్త పడదని ఎన్నిసార్లు చెప్పాలి?"

దొరకని ముఠాకు బొమ్మ ఎక్కడ నుంచి వస్తుంది? జగన్నాధం పాత బొమ్మలు వెతికి, ఒడిశా వాలకంగా కనిపించిన ఒక ఆడమనిషి బొమ్మను పంపేశాడు. ఆమె ఎవరో అతనికి గుర్తులేదు. డెస్కు "సరిహద్దు దాటిన ముఠాలు" అని శీర్షిక పెట్టింది. ఒడియా యాస, రెండు ముక్కెరలు, పచ్చబొట్లు అని ఆనవాళ్లు చేర్చింది. చోటు చాలక చివరి వాక్యం కోసేసింది. "పాత చిత్రం" అన్న మాట మాత్రం అడుగున నువ్వుగింజంత అక్షరాల్లో మిగిలింది.

ఆ పత్రిక వచ్చిన రోజునే తవిటమ్మ, ఏటా ఆకులు తీసుకునే పద్మకుమారి ఇంటి ముందు కట్టలు దించింది. వాళ్లింట పెళ్లి.

"ఏటే వదినా, ఆకులు ఇంత సిన్నవి తెచ్చినావు? మా మరుదుల తిండికి ఇయ్యేటి సరిపోతాయి?"

"రెండేసి ఎయ్యమ్మా. నీ మరుదులు కదా, ఆకు కూడా ఒగ్గరు."

పద్మకుమారి పకపకా నవ్వింది. అరుగు మీద పత్రిక చదువుతున్న మరిది ధర్మేంద్ర నవ్వలేదు. పత్రికను ఒకసారి, ఆమెను ఒకసారి చూసి, బొమ్మ ఆమె ముందు పెట్టాడు.

"ఇది నువ్వేనేటి?"

తన ఇంటి గోడ మీద ఉన్న బొమ్మే. తవిటమ్మ ముఖం విప్పారింది.

"నానే బాబూ! మళ్లీ ఏసినారా? సూడమ్మా, పేపరోళ్లు నన్ను మర్సిపోలేదు!"

"నీతోటి ఇంకా ఉన్నారేటి?"

"ఎందుకుండరు? మా ఊరోళ్లు బోలెడుమంది ఏటా ఎల్తారు కదా."

వలస సంగతి అడుగుతున్నాడనుకుంది. అతడికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేకపోయింది.

"ఒసే దొంగముండా! ఎంతమంది గుంటల్ని ఎత్తుకుపోనావే?"

వీధి వీధంతా వచ్చింది. మొదటి దెబ్బలకు ఆమె తెలుగులోనే మొత్తుకుంది. భయం ముదిరాక నోట తల్లి భాష ఒడియా వచ్చింది. దానితో ఎవరికైనా మిగిలిన అనుమానమూ తీరిపోయింది. ముక్కెరలు ఆనవాళ్లని రాసి ఉంది కనుక వాటిని పట్టుకుని లాగారు. ముక్కు చీలింది. పద్మకుమారి కొట్టలేదు. పిల్లలను లోపలికి తీసుకుపోయి గడియ పెట్టుకుంది.

పోలీసులు వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. పాతపట్నానికి ఫోను చేసి, ఆమె మీద ఏమీ లేదని తేల్చారు. మర్నాటి పత్రికలో "ముఠా మహిళకు దేహశుద్ధి" అని వచ్చింది. మనిషిని గుంపుగా కొట్టడానికి మన పత్రికలు వాడే మాట అది. చదివేవాడికి రక్తం కనబడదు.

సంగతి తెలిసి జగన్నాధం ఆసుపత్రికి వచ్చాడు. మంచం పక్కన నిలబడ్డాక గుర్తుపట్టాడు.

"పిన్నీ, తప్పయిపోనాది."

"నీ తప్పు నానేటి సేసుకోను బాబూ? నాను గుంటల్నెత్తుకుపోయేదాన్ని కానని పేపర్లో ఎయ్యి. ఆ ఈదిలోకి నన్ను మళ్లీ రానివ్వాల. అంతే."

అతడు అక్కడినుంచే దీక్షిత్‌కు ఫోను చేశాడు.

"మన తప్పు మనమే ముద్రించుకుంటామా? సరే, అమాయకురాలిపై దాడి అని పంపు. బొమ్మ బాగుండాలి. కట్టూ రక్తమూ కనబడాలి."

జగన్నాధం ఫోను ఎత్తాడు. "కాస్త ఇటు తిరుగు పిన్నీ."

తవిటమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"మొకం ఒద్దు. అచ్చరాలు ఎయ్యి."

"బొమ్మ లేకపోతే పడదు పిన్నీ."

"ఇన్నాళ్లూ బొమ్మే ఏసినారు. నా పేరు ఒక్కపాలైనా ఏసినారేటి?"

అతడు ఇంకా కాసేపు బతిమాలాడు. ఆమె కొంగు తీయలేదు. చివరకు పేరుతో సహా వార్త రాసి, బొమ్మ లేకుండానే పంపాడు. అది పడలేదు.

మరుసటి ఏడు పెళ్లిళ్ల రోజుల్లో తవిటమ్మ మళ్లీ ఆ ఇంటి ముందు కట్టలు దించింది. ముక్కు అతుకుపడి వంకరైంది, ముక్కెరలు లేవు, ఎండలోనూ పొడుగుచేతుల రవిక తొడుక్కుంది. పద్మకుమారి తలుపు బెత్తెడు తెరిచింది.

"నీమీద నాకైతే అనుమానం లేదే వదినా. కానీ ఆ మనిసి నువ్వు కావని పేపర్లో ఎక్కడా రాలేదు కదా? ఈదిలోవోళ్లకి నానేటి సెప్పను?"

తలుపు పడింది. పక్క ఇంటివాళ్లు అంతకుముందే వేసుకున్నారు.

ఆమె కట్టలు తిరిగి ఎత్తుకుని బస్సెక్కింది. ఎండిన అడ్డాకు బాగా మండుతుంది. ఆ వానాకాలమంతా ఆమె పొయ్యికి అవే సరిపోయాయి.