ఓనరమ్మ టీవీ మీది బొమ్మ

పోయిన వారం చింతాద్రిపేటలో మా మేనత్తను చూడబోతే, గోడకు పటంలా అతుక్కున్న కొత్త టీవీ కింద తలాడించే తంజావూరు బొమ్మ కనిపించింది. రంగు వెలిసినా తల ఊపడం మానలేదు. వెనకటి ఇంటి ఓనరమ్మ పోయాక ఆమె కూతురు తెచ్చి ఇచ్చిందట, అమ్మకు ఇది ప్రాణం, ఇచ్చిన మీ దగ్గరే ఉండనీ అని. ఆ మాట చెప్పి అత్త నవ్వింది.

ఇళ్లల్లోకి రంగుల టీవీలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. కింది పోర్షన్లలో అత్తతో సహా మేమంతా అద్దెకు, పైన ఓనరమ్మ. వీధి మొత్తానికి రంగుల టీవీ ఆమె హాల్లోనే, తలుపులున్న చెక్క పెట్టెలో, దేవుడికన్నా భద్రంగా ఉండేది. ఆదివారం సినిమాకు మమ్మల్ని నేల మీద కూర్చోనిచ్చేది. ఒక ఆదివారం అంబత్తూరు ఫ్యాక్టరీలో స్పీకర్లు బిగించే ఓవర్‌టైం పని ముగించుకుని, కంపెనీ చీరతోనే అత్త వచ్చి కూర్చుంది. ఓనరమ్మ లేచి పెట్టె తలుపులు మూసేసింది.

"ఏమ్మా, నూనె వాసన హాలంతా కొడతా ఉండాది. నువ్వు ఆడ మెట్ల కాడికి పో, అప్పుడు తెరుస్తా."

పాట మధ్యలో ఉంది. ఎప్పుడు లేస్తుందా అని అందరూ అత్త వైపే చూశారు. వాళ్లలో ఆమె అన్న, అంటే మా నాన్న కూడా ఉన్నాడు. అత్త లేచింది.

ఆ ఏటి బొమ్మల కొలువుకు ఈ తంజావూరు బొమ్మను అత్తే తీసుకెళ్లి ఇచ్చింది. ఓనరమ్మ మురిసిపోయి, కొలువు ఎత్తేశాక టీవీ మీదే నిలబెట్టుకుంది. దాని డొల్ల పావడా లోపల, గుడ్డ చుట్టి అతికించిన పెద్ద స్పీకరు అయస్కాంతం ఉంది. రంగుల టీవీకి అయస్కాంతం పడదని అత్తకు తెలుసు. బొమ్మ ఎక్కాక వచ్చిన తొలి ఆదివారమే హీరో చెంప ఆకుపచ్చగా తిరిగింది, హీరోయిన్ నుదురు ఊదాగా కమిలింది. మెకానిక్ వచ్చినప్పుడల్లా ముందు బొమ్మను దించేవాడు, టీవీని కాసేపు ఆపి మళ్లీ వేసేవాడు, రంగులు కుదురుకునేవి. అతను పోగానే ఓనరమ్మ బొమ్మను ఎక్కించేది. ఆమె గోడు వెళ్లబోసుకుంటుంటే అది బుద్ధిగా తలాడించేది.

చివరికి ఆమే మెట్లు దిగి మా పోర్షనుకు వచ్చింది. "నువ్వు కంపెనీలో పని చేసేదానివి కదమ్మా. రవంత వచ్చి చూడవా."

అత్త కంపెనీ చీర మార్చకుండానే వెళ్లి, కుర్చీ వేయించుకుని, కాఫీ తాగింది. బొమ్మ భలే ముచ్చటగా ఉందంటూ ఒళ్లోకి తీసుకుని, టీవీని ఆపి వేయించింది. రంగులు దిగొచ్చాయి. ఈమె చెయ్యి మంచిదని ఓనరమ్మ వీధంతా చెప్పుకుంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అత్తకు కుర్చీ, కాఫీ. లేచి వచ్చేటప్పుడు బొమ్మను మాత్రం జాగ్రత్తగా టీవీ మీద పెట్టి వచ్చేది.

కుర్చీ వేసిన రోజే క్షమించేసి ఉండొచ్చు కదా అన్నాను. అత్త పమిట పిన్నీసు తీసి బొమ్మ అడుగుకు చూపించింది. అది టక్కున అంటుకుంది.

"చూడు, ఇంకా పట్టు వదల్లేదు."

అంత లావు టీవీలను అట్టముక్కంత పలచన చేసింది కాలం. కొన్నింటి జోలికి మాత్రం అదీ పోదు.