మొగుడి అక్షరం తెరిచిన తలుపు

తమిళనాడులోని గుడియాత్తం తెలుగువాళ్లకు ఇంటిపేర్లు పెళ్లి మాటల్లోనే గాని కాగితాల్లో కనబడవు. పేరు ముందు తండ్రి అక్షరం, పెళ్లయితే మొగుడి అక్షరం, అంతే. అలా మేస్త్రీ కుప్పుసామి కూతురు కె. ఆర్తి, 2004లో సురేంద్రన్‌ను కట్టుకుని ఎస్. ఆర్తి అయింది.

వేలూరులో ఆమె పనిచేసే బూట్ల కంపెనీ, పెళ్లి కాగానే పాతది తీసేసి, ఆ కొత్త పేరుతో కంప్యూటర్ సర్టిఫికెట్ ఇచ్చింది; మిషనులోకి పోవడానికి అదే గుర్తింపు చీటీ. కంపెనీ లెక్కలన్నీ ఉండే డేటాబేస్ ఆ సర్టిఫికెట్‌లో పేరు ఒక్కటే చూసి తలుపు తీస్తుంది. పై అధికారి మేడం పేరు కూడా ఎస్. ఆర్తే. కొత్త సర్టిఫికెట్‌తో మొదటిసారి లోపలికి పోయిన ఉదయం డేటాబేస్ ఈమెనే ఆ అధికారి అనుకుంది.

తెర మీద గోడలు లేని ఇల్లొకటి తెరుచుకున్నట్టయింది. సముద్రాలు దాటాల్సిన బూట్లన్నీ పొగమంచులో మెల్లగా నడిచిపోతున్నట్టున్నాయి. వాటి నడుమ, పోయిన నెల తను తప్పుగా ఎక్కించిన కొలతలు, పక్కన తన పాత పేరు. సోమవారం విచారణ ఆ తప్పు మీదే. ఉద్యోగం పోవచ్చు. ఇప్పుడు ఒక్క మీట నొక్కితే ఆ వరుసే ఉండదు.

మీట మీద వేలుంచి ఆర్తి చాలాసేపు కలగన్నట్టు కూర్చుంది. తర్వాత లేచి మేడం గదికి వెళ్లింది.

"మేడం, మిషను నన్ను మీరనుకుంటా ఉండాది. అన్నీ చూపిస్తా ఉండాది."

"అట్లయితే నా మీటింగులకు నువ్వే పోమ్మా," అని మేడం నవ్వింది.

"పోతాను గాని, సోమవారం విచారణలో నన్ను అడగాల్సింది కూడా నేనే అయిపోతాను గదా."

మేడం వచ్చి తెర చూసింది. తప్పుల వరుస అలాగే ఉంది.

"చెరిపేసి ఉండొచ్చు గదమ్మా?"

"చెరిపింది మీరని మిషను రాసుకుంటాది, మేడం."

సోమవారం విచారణలో మేడం మొదట సర్టిఫికెట్ల లోపం, దాన్ని ఆర్తే బయటపెట్టిన సంగతి చెప్పి, తర్వాత కొలతల తప్పు చెప్పింది. ఆర్తి ఉద్యోగం నిలిచింది.