తలుపు మీద లేని పేరు

దయ్యాలున్నాయంటే నవ్వేదాన్ని. ఎవరైనా అలాంటి మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పటికీ నమ్ముతానని చెప్పలేను. కోరుట్లలో జరిగింది మాత్రం చెబుతాను.

తెలంగాణ ఉద్యమం రోజులవి. జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్‌ని. సమ్మెతో బడి మూతపడింది. ఎన్నాళ్లుగానో అనుకుంటున్న పని అప్పుడు మొదలుపెట్టాను. మా పట్టణాల్లో ఒకప్పుడు పడుపు వృత్తిలో బతికిన ఆడవాళ్ల చరిత్రను బొమ్మల్లో చూపించాలని నా ఆలోచన. వాళ్ల ఫొటోలు దొరకవు. అందుకని వాళ్లుండిన గదుల తలుపుల మీద పెద్ద కాగితం అంటించి బొగ్గుతో రుద్దేదాన్ని. చెక్క మీది గీతలు, పగుళ్లు అన్నీ కాగితం మీద తేలేవి.

కోరుట్లలో అలాంటి గల్లీని రాజవ్వ చూపించింది. డెబ్బై దాటిన మనిషి. తనూ ఆ వృత్తిలో బతికిందే; ఎప్పుడో మానేసి బీడీలు చుట్టి బతుకుతోంది. ఆ గల్లీలో తానుండిన గదిలో తనతోపాటు ఇంకొకామె ఉండేదట.

"గామె బొంబయి పోయింది బిడ్డా. ఆడ్నే పెండ్లి చేసుకున్నది" అంది. పేరు అడిగితే చెప్పలేదు.

నేను ఆ గదికి వెళ్లిన రోజు బంద్. స్కూటీ మీద వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద నినాదాలు వినిపిస్తున్నాయి. రాజవ్వ వెంట వచ్చింది. గది ఖాళీగా ఉంది. రుద్దే ముందు తలుపును చేత్తో తడమడం నాకు అలవాటు. లోపలివైపు నున్నగా ఉంది.

అటువైపే కాగితం అంటించి రుద్దుతుంటే కింద, కూర్చున్న మనిషి చెయ్యి అందే ఎత్తులో, అక్షరాలు తేలాయి. సు. గు. ణ.

కాగితం ఎత్తి చూశాను. చెక్క మీద ఏమీ లేదు. గోటితో గీరి చూశాను. నున్నగానే ఉంది.

"ఏమైంది బిడ్డా, గట్ల నిలవడ్డవు?" అంది రాజవ్వ. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించాను.

ఆమె నా చేతిలోని కాగితం పట్టుకుంది. "గా పేరు నీకెవలు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదవ్వా. కాగితం మీదుంది."

రాజవ్వ అప్పుడు చెప్పింది. "బొంబయి పోలే బిడ్డా. గీ గదిలనే సచ్చింది. జరమస్తే ఇల్లు నడిపేటోళ్లు గిరాకీలకు కనవడొద్దని బయటికెల్లి గొళ్లెం వెట్టిన్రు. తలుపు తియ్యున్రని మూడొద్దులు ఒర్లింది. తీస్తే నన్ను సుత సంపుతరని బుగులువడ్డ. నేను తియ్యలే. వాళ్లమ్మ సిరిసిల్లకెల్లి బిడ్డను దేవులాడుకుంట అస్తే, బొంబయి పోయిందని అబద్ధమాడిన."

కొత్త కాగితాలు పెట్టి మరో మూడుసార్లు రుద్దాను. చెక్క చారలు తప్ప ఏమీ రాలేదు.

బస్సులు నడవగానే ఇద్దరం సిరిసిల్ల వెళ్లాం. సుగుణ వాళ్ల వాడ పేరు రాజవ్వకు గుర్తుంది. తల్లి ఎప్పుడో పోయింది. మరమగ్గాల చప్పుడు మధ్య సుగుణ చెల్లెలు దొరికింది. రాజవ్వ అంతా చెప్పింది. చెల్లెలు ఏడవలేదు. కాగితం మీద వేలు పెట్టి, "మా అక్క 'ణ' తోక గిట్లనే పొడుగు గుంజుతుండె" అంది.

తర్వాత రాజవ్వను ఒక్కటే అడిగింది. "నీళ్లడిగిందా?"

రాజవ్వ తలూపింది.

కాగితం ఆ చెల్లెలి దగ్గరే వదిలేసి వచ్చాను. ఆ మూడక్షరాలు ఎలా వచ్చాయో ఎంతమందిని అడిగినా తేలలేదు. నాకూ తెలియదు.