మునెప్ప ఇత్తడి టోకెను

చెమట పట్టిన అరచేతిలో ఇత్తడిని కాసేపు బిగించి పట్టుకుంటే ఒక పుల్లటి వాసన అంటుకుంటుంది. సబ్బుతో రుద్దినా తొందరగా వదలదు. చొక్కా జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా ఆ వాసన వెంట డాక్టర్ సరోజమ్మ గుర్తొస్తారు.

మా ఊరి బంగారు గని మూతపడ్డాక ఆమె కోరమండల్ అనే పేటలో ఒక పాత కార్మికుల ఇంట్లో వైద్యం చేసేవారు. గోడకొక చెక్క, దానికి రెండు వరుసల మేకులు. గని నడిచిన రోజుల్లో లోపలికి దిగేవాడు అక్కడి బోర్డుకు తన ఇత్తడి టోకెను తగిలించి వెళ్ళాలి, పైకొచ్చాక తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక టోకెను మిగిలిందంటే మనిషి లోపలే ఉన్నట్టు. ఈ లెక్క మా ఊరివాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. సరోజమ్మ దాన్నే వాడుకున్నారు. చక్కెర జబ్బో గుండె జబ్బో ఉన్నవాడికి కొవ్వు తగ్గించే మాత్ర రాసి, అతని పేరున ఒక టోకెను కింది వరుసలో తగిలించేవారు. నెలనెలా వచ్చి, మాత్ర మానలేదని చెప్పి, దాన్ని పై వరుసకు మార్చాలి. కింద మిగిలినవాళ్ళ ఇళ్ళకు ఆమే గొడుగు వేసుకుని బయలుదేరేవారు.

నాకు బజారులో పప్పుల అంగడి, ఒంట్లో చక్కెర. అసలు పని మాత్రం కోతలు కోయడం. మూతపడ్డ గనిలో లిఫ్టు ఇంకా తనంతట తానే దిగి ఎక్కుతోందని మారికుప్పం రైల్లో నేను చెబితే, బంగారుపేట దాకా నమ్మినవాళ్ళున్నారు. ఆ మాత్ర నాకు రాసిన రోజు ఆమెతో వాదించాను.

“నాకు కొవ్వు యాడుండాదమ్మా? గాలొస్తే ఎగిరిపోతాను.”

“నీ కొవ్వు అంకె చూసి రాయలేదప్పా, నీ చక్కెర చూసి రాసినాను. కప్పు బాగానే నిలబడి ఉండాదని గనిలో కింద పెట్టిన దుంగలు పీకేస్తారా?”

ఆ దుంగలు నిలబెట్టే పనిలోనే ముసలివాడైనవాడు మా వీధి మునెప్ప. ఒకసారి గుండెపోటు వచ్చి బతికాడు. రక్తపరీక్ష బాగా వచ్చిందని మాత్ర మానేశాడు.

“అంకె దిగిపోయినాది శెట్టీ, ఇంగ యాల? పైగా కాళ్ళు పీకతా ఉండాయి. ఆయమ్మకు తెలిస్తే తిడతాది. నా టోకెను నువ్వే మార్చేయ్. ఏందో ఒకటి చెప్పు, నీకేమి కొత్తా?”

కొత్త కాదు మరి. మునెప్ప నంగలిలో అల్లుడి మామిడితోటకు కాపలా ఉన్నాడని, కోతి మాత్రలు ఎత్తుకుపోతే చెట్టెక్కి లాక్కుని మింగాడని చెప్పాను. ఎప్పుడూ నవ్వని సరోజమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వారు. ఆ నవ్వు చూసి గర్వపడుతూ టోకెను పైకి మార్చాను. నాలుగు నెలలు, నాలుగు కథలు. ఐదో నెలలో మునెప్ప మారికుప్పం ప్లాట్‌ఫారం మీద కుప్పకూలాడు. ఈసారి లేవలేదు.

వెళ్ళి అంతా ఒప్పుకున్నాను. ఆమె చెక్క వైపు తిరిగారు. పై వరుసలో మునెప్ప టోకెను మెరుస్తూనే ఉంది.

“మాత్ర మింగినా పోయుండొచ్చప్పా. అది ఎవురూ చెప్పలేరు. కాళ్ళు పీకతా ఉండాయని ఒక్క మాట చెప్పుంటే మోతాదు తగ్గించుందును, ఇంకో మాత్ర ఇచ్చుందును.” ఆ టోకెను వైపు వేలు చూపించి అన్నారు: “ఆ మనిషి ఇంకా లోపలే ఉండాడు. పైకొచ్చేసినాడని నువ్వు చెప్తివి. నేను వెతకలేదు.”

టోకెను తీసి నా చేతిలో పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది. మరుసటి నెల నా వంతు వచ్చినప్పుడు “మింగినావా?” అని మాత్రమే అడిగారు. “మింగినానమ్మా” అన్నాను. ఆమె నా ముఖంలోకి చూశారు, ఇంకేమైనా చెబుతానేమోనని. నా టోకెను పై వరుసకు మార్చి వచ్చేశాను. ఆ తరువాత ఆమె నవ్వగా నేను చూడలేదు.

ఇప్పుడు సరోజమ్మ లేరు, ఆ ఇంటికి తాళం. రైల్లో నా కోతలు మాత్రం ఆగలేదు. ఎవరైనా “రిపోర్టు బాగొచ్చినాది, మాత్ర నిలిపేసినా” అన్నప్పుడు మాత్రం కథ మధ్యలోనే ఆపి, “డాక్టరుకు చెప్పినావా?” అని అడుగుతాను. టోకెను తీసి చూపిస్తాను. మునెప్ప సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను.

వాళ్ళు నవ్వుతారు. శెట్టి ఈసారి ఇంకా పెద్ద కథ కట్టినాడని ఒకరి భుజం ఒకరు తట్టుకుంటారు.