పోలరాజు గారి పొరపాట్లు

ఆటోనగర్‌లో ఎవరు ఏ తప్పు చేసినా, అంతకంటే పెద్ద తప్పు పోలరాజు గారి దగ్గర సిద్ధంగా ఉంటుంది. అన్నీ ఆయన స్వయంగా చేసినవే. డెబ్బై ఒకటి యుద్ధంలో, ఎయిర్‌ఫోర్సు ఇంజిన్ ఫిట్టరుగా. మన ఫిరంగి గుండ్లు ఎక్కడ పడుతున్నాయో పైనుంచి చూసి చెప్పే చిన్న విమానాలకు ఆయన పనిచేసేవారు. రెండు సీట్లు, ముందొక పంకా. ఎదురుగాలి కొడితే కింద ఎడ్లబండి దాటిపోయేదని ఆయనే చెబుతారు.

టీకొట్టు మాణిక్యం ఒకరోజు పంచదారనుకుని టీలో ఉప్పు వేసేసింది. అందరూ ఉమ్మేశారు. పోలరాజు గారు గ్లాసు ఖాళీ చేశారు.

"ఇదేముందమ్మా. నేను పైలట్ థర్మాసులో ఇంజిన్ ఆయిలు పోసి పంపించాను."

"తాగాడా బాబాయ్ గారూ?"

"తాగి, ఇవాళ టీ చిక్కగా ఉంది పోలరాజూ అన్నాడు."

లారీ ఆఫీసు గుమస్తా జయంత్ ఎవరిదో ఆర్సీ కార్డు పోగొట్టి తల పట్టుకుని కూర్చున్నాడు.

"కార్డేగా. నేను విమానమే పోగొట్టాను. శత్రువుకి కనపడకుండా దాచమంటే గడ్డీ ఆకులూ కప్పాను. వాళ్లకి కనపడలేదు. మాకూ కనపడలేదు. భోజనానికి పోతూ మా ఆఫీసరు రెక్కకి తల కొట్టుకుంటే దొరికింది."

"మరి యుద్ధం ఎవరు గెలిచారండీ?"

"మనమే. ఎలా గెలిచామో నాకిప్పటికీ అంతుపట్టదు."

ఆయన భార్య కొండలమ్మ గారి మాట వేరు. "పులుసు మాడిందంటే చాలు, విమానం తగలబెట్టానంటారు. తగలబెట్టినాయనకి పింఛను ఎవరిస్తున్నారో అడగండి."

మెకానిక్ గంగాప్రసాద్ మాటలు నమ్మడు, చేతులు నమ్ముతాడు. అందులోనూ తన చేతులు. ఇరవై రెండేళ్లలో తాను చూసిన బండి దారిలో ఆగలేదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. "ఇలాంటి ఫిట్టరునైతే నా షెడ్డు గుమ్మం ఎక్కనివ్వను బాబాయ్" అని పోలరాజు గారి ముందే నవ్వేవాడు.

కిందటి ఆషాఢంలో, చేపల వ్యాపారం చేసే సత్యశ్రీ వ్యానుకి ఆయిలు మార్చాడు. పాత ఆయిలు వదిలే కింది డ్రెయిన్ బోల్టు చేత్తో తిప్పి పెట్టాడు. అప్పుడే ఫోను మోగింది. మాట్లాడి వచ్చి, పానాతో బిగించడం మరిచి బండి పంపించేశాడు. హనుమాన్ జంక్షన్ చేరకముందే బోల్టు ఊడిపోయింది, ఆయిలంతా కారి ఇంజిన్ పట్టేసింది. చేపలు ఎండలో హైవే మీద ఉండిపోయాయి. సత్యశ్రీ ఫోన్లో తిట్టలేదు. "ఇలా చేసింది మీరేనా ప్రసాద్ గారూ?" అని మాత్రం అడిగింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు గంగాప్రసాద్ వ్యాను లాగించుకొచ్చి షెడ్డులో పెట్టి, పానాలన్నీ గోనెసంచిలో వేసి మూతి కట్టేశాడు. గవర్నర్‌పేటలో బావమరిది స్పేర్‌పార్టుల కొట్లో కౌంటరు దగ్గర కూర్చుంటాడట. ఇంక ఇంజిన్ ముట్టడట.

పోలరాజు గారు వచ్చి ఆ సంచి మీదే కూర్చున్నారు.

"అచ్చం నేనూ అదే చేశానయ్యా. విమానం గాల్లో ఉండగా బోల్టు ఊడింది. ఆయిలంతా పైలట్ ముందు అద్దం మీద. గుండ్లెక్కడ పడుతున్నాయో చూడబోయినవాడు తనెక్కడ పడుతున్నాడో తెలియక చెరుకుతోటలో దిగాడు."

"అయ్యో. మిమ్మల్ని పీకేశారా?"

"మర్నాడు ఆ పైలటే వచ్చి, నా బోల్టు నువ్వే బిగించాలి అన్నాడు. ఒకసారి మరిచినవాడు మళ్లీ మరవడట."

గంగాప్రసాద్ సంచి మూతికున్న తాడు పట్టుకున్నాడు. "లేవండి బాబాయ్, పానాలు కావాలి" అన్నాడు.

ఇంజిన్ విప్పి కట్టడానికి నాలుగు రోజులు పట్టింది. చివర్లో బిగించాల్సిన కొత్త డ్రెయిన్ బోల్టుని పోలరాజు గారు అడిగి తీసుకున్నారు. దాని తలకి సన్నగా చిల్లి వేయించి, బోల్టు బిగించి, చిల్లిలో తీగ దూర్చి, మెలిపెట్టి పక్కనున్న బ్రాకెట్టుకి కట్టారు. విమానాల్లో అలాగే కడతారట, బోల్టు తిరగాలన్నా తీగ తిరగనివ్వదు. టీ గ్లాసు పట్టుకుంటే వణికే చేతులు అప్పుడు వణకలేదు. మెలికలన్నీ ఒకే కొలత. ఇంకొకరి వేలికి గుచ్చుకోకుండా తీగ కొస లోపలికి వంచారు. వేలితో తడిమి చూశారు. టార్చి వేసి మళ్లీ చూశారు.

గంగాప్రసాద్ ఆ చేతులకేసి చూస్తూ ఉండిపోయాడు.

"బాబాయ్, చెరుకుతోట అబద్ధం కదూ?"

"ఆవాల చేనేమో. సరిగా గుర్తులేదు."

"థర్మాసు? విమానం పోవడం?"

పోలరాజు గారు గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నారు.

"నిజం చెప్పండి. మీరు సర్వీసులో ఒక్క తప్పూ చెయ్యలేదా?"

"సర్వీసులో లేదు. ఇవాళ చేశాను. నీ ముందు పని చేశాను. ఇక నా కబుర్లు ఎవడు నమ్ముతాడు?"

సాయంత్రం వ్యాను కోసం వచ్చిన సత్యశ్రీ తాళాలు అందుకోకుండా నిలబడింది. "ఆ రోజు ఆయిలు లైటు వెలిగిందండీ. లోడు చెడుతుందని ఆపకుండా పోనిచ్చాను. ఇంజిన్‌ని సగం నేనే చంపాను. ఇన్నాళ్లూ మీకు చెప్పలేకపోయాను."

పోలరాజు గారు గొంతు సవరించుకునేలోపే గంగాప్రసాద్ అందుకున్నాడు.

"అదేముందండీ. ఓసారి నేను అసలు ఇంజినే పెట్టకుండా బండి పంపించేశాను."

"ఎంత దూరం పోయిందేమిటి?" అని పోలరాజు గారు శ్రద్ధగా అడిగారు.